నేలలో దాచిన ఎండ

గల్ఫ్‌లో పనిచేసే మనకు ఎండంటే హడలే. జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా మధ్యాహ్నం ఎండలో పని ఆపాలని యూఏఈ, సౌదీ నిబంధనలే చెబుతున్నాయి. అలాంటి వేసవి ఎండనే కెనడాలో చలికాలానికి దాచుకున్నారు.

ఆల్బర్టా రాష్ట్రం ఒకోటోక్స్‌లో డ్రేక్ లాండింగ్ అనే 52 ఇళ్ల కాలనీ ఉంది. అక్కడ సోలార్ పలకల వేడితో కాగిన నీటిని వేసవంతా 144 బోర్లలోని గొట్టాల్లో తిప్పేవారు. ఒక్కో బోరు సుమారు 35 మీటర్ల లోతు. నేల పట్టి ఉంచిన ఆ వేడే మంచు నెలల్లో ఇళ్లను వెచ్చబరిచేది. 2007లో మొదలైన ఈ ఏర్పాటు 2015-16 చలికాలంలో ఇళ్లకు కావలసిన వేడి మొత్తం ఎండతోనే ఇచ్చింది.

అయినా 2024లో ఆపేశారు. పరికరాలు పాతబడ్డాయి, బాగుచేయడం కష్టమైంది. ఇళ్లకు గ్యాస్ హీటర్లు పెట్టారు. నేల తన పని తాను చేసింది; దెబ్బ తగిలింది నిర్వహణ దగ్గర.

గల్ఫ్‌లో టవర్లకు చల్లని నీళ్లు మోసే డిస్ట్రిక్ట్ కూలింగ్ పైపులను పూడ్చేది మనమే. పూడ్చాక లీకు వెతకడం ఎంత తలనొప్పో మనకు తెలుసు. ఎవరెంత తొందరపెట్టినా ప్రెషర్ టెస్ట్ పాస్ కానిదే మట్టి వేయొద్దు. ఏ పైపు ఎక్కడుందో డ్రాయింగులో ఎక్కించాలి. సైట్ అప్పజెప్పి మనం వెళ్లిపోతాం. పైపు మాత్రం అక్కడే ఉంటుంది.