ఒక్క రాత్రికి ఏ నాటకం?

సార్వా ధాన్యం ఇల్లు చేరి, దాళ్వా ఊడ్పులు ఒక కొలిక్కి వచ్చి, రైతు మనస్సు కాస్త తెరిపిన పడే సంక్రాంతి మొదలు శివరాత్రి వరకు మన గోదావరి మండలాలలో ఊరూరా తీర్థాలే కదండీ. ఆ తీర్థాలలో రాత్రి వేళ వేసే పద్యనాటకాలలో దేనికి పోవాలి, దేనిని విడిచిపెట్టాలి అన్న మీమాంస మా ఇంట ఏటేటా పుట్టి ఏటేటా తీరేదే అయినా, ఈ ఏడు మాత్రం కొంచెం ముదిరింది. పండుగకు బంధువులందరూ వచ్చి ఉన్నారు, వ్యాను మాట్లాడుకున్నాం, తీరా చూస్తే ఒకే రాత్రి మూడు చోట్ల మూడు నాటకాలు. ఒక ఊళ్ళో కురుక్షేత్రం, మరొక ఊళ్ళో హరిశ్చంద్ర, రాజమహేంద్రవరంలో సురభివారి మాయాబజారు. మూడు కరపత్రాలూ అరుగు మీద పరిచి కూర్చున్నాం.

"కాటిసీను చూడకుండా నాటకం చూశామని ఎలా చెప్పుకుంటామండీ బావగారూ?" అని మండపేట బావగారు మొదలుపెట్టారు.

"ఏడుపు సీనుకి పిల్లలు నిద్రపోతారు మావయ్యా. మాయాబజారయితే రెప్ప వేయరండి" అని మా మేనకోడలు.

ఇంతసేపూ ఒత్తులు చేసుకుంటూ మాట్లాడని మా అత్తయ్యగారు తల ఎత్తి, "రాయబారం ఉందా లేదా, ముందు అది చెప్పండి నాయనా" అన్నారు.

ముగ్గురి మాటలోనూ న్యాయం ఉన్నది. నాటకాన్ని ఎన్నుకొనుట యనగా పేరును ఎన్నుకొనుట కాదనీ, ఆ రాత్రి ఎవరు ఆడుతున్నారు, ఎంత ఆడుతున్నారు, మనవెంట ఎవరు వస్తున్నారు అనే మూడింటిని కలిపి తూచుట యనీ నా నమ్మకం. లండను నగరంలో స్థిరపడిన మనవారికి ఈ చిక్కు లేదు. అక్కడ 'లే మిజరాబ్ల్' అనే సంగీత నాటకం 1985 నుంచీ, 'ఫాంటమ్ ఆఫ్ ది ఆపెరా' 1986 నుంచీ, మహమ్మారి కాలపు విరామం తప్పిస్తే, ఆడుతూనే ఉన్నవి. ఈ వారం తప్పితే వచ్చే వారం, ఈ ఏడు తప్పితే మరో ఏడు చూడవచ్చును. మన పద్యనాటకం అటువంటిది కాదు. ఆ కృష్ణుడు, ఆ దుర్యోధనుడు, ఆ హార్మనీ, ఆ జనం ఒక్కచోట కూడేది ఆ ఒక్క రాత్రే. అందుచేత మనం ఎన్నుకొనేది నాటకాన్ని కాదు, రాత్రిని.

ముందుగా మా మేనకోడలి పక్షం చెబుతాను. సురభివారిది సామాన్యమైన పరంపర కాదు. కడప మండలంలోని సురభి గ్రామంలో 1885లో కీచకవధతో మొదలై, ఆ ఊరి పేరే తమ పేరుగా చేసుకొని, తరతరాలుగా కుటుంబాలకు కుటుంబాలే నటులై, స్త్రీ పాత్రలను మగవారు ధరించే రోజులలోనే తమ ఆడపడుచులను రంగస్థలం ఎక్కించిన ఘనత వారిది. ఆ సంప్రదాయంలో పెరిగి ఎన్నో ఏండ్లు సమాజాన్ని నడిపిన సురభి బాబ్జీగారికి 2013లో పద్మశ్రీ లభించినది. మాయాబజారులో ఘటోత్కచుడు లడ్డూలు తినే సన్నివేశం వచ్చినప్పుడు పళ్ళెంలోని లడ్డూ ఎవరూ ముట్టకుండానే లేచి ఆ నోట్లోకి పోతుంటే, ఎదుటి వరుసలో కూర్చున్న పిల్లలు లేచి నిలబడతారు. తీగ కనిపిస్తుందేమోనని మెడలు సాచి వెదుకుతారు. కనిపించినా వారి ఆనందం తగ్గదు. ఇదివరకు ఎన్నడూ నాటకం చూడని పిల్లలను మొట్టమొదట తీసుకొనిపోవలసింది ఇక్కడికే. ఇందులో నాకు సందేహం లేదు.

ఇక హరిశ్చంద్ర. బలిజేపల్లి లక్ష్మీకాంతకవిగారి నాటకం. తెలుగుదేశంలో దానిని ఎరుగని పల్లె లేదు. డి.వి. సుబ్బారావుగారి కాటిసీను రికార్డులు మోగని పెళ్ళిపందిరి ఒకప్పుడు ఉండేది కాదు, శుభకార్యంలో శ్మశానం పద్యాలేమిటని అడిగినవారూ లేరు. ఆ సీనులో ప్రాణం వంటి పద్యాలు కొన్ని బలిజేపల్లివారివి కావు, గుఱ్ఱం జాషువాగారివి. నటులు వాటిని తెచ్చి కాటిసీనులో నిలిపారు, జనం తలమీద పెట్టుకొన్నారు. ఒక మహాకవి ఖండకావ్యం చదువురాని కూలి నోట కూడా పలికినదంటే అందుకు కారణం ఈ నాటకమే. కాని బావగారితో నా పేచీ ఎక్కడ వచ్చిందంటే, ఆ కరపత్రంలో ఉన్నది హరిశ్చంద్ర కాదు, కాటిసీను మాత్రమే. వారణాసి లేదు, నక్షత్రకుడు లేడు, ఆలుబిడ్డల అమ్మకం లేదు. చంద్రమతి బిడ్డ శవంతో కాటికి వచ్చే ఘట్టం గుండె పిండడానికి అంతకుముందు ఆమె పడిన పాట్లు మనం చూచి ఉండవలె గదా! బావగారు ఈ మాటకు కాసేపు మౌనం వహించి, "అదీ నిజమేనండి" అన్నారు.

ఈ సీన్ల విడివిడి అమ్మకం ఇప్పుడు మామూలైపోయింది. పడకసీను ఒకరాత్రి, రాయబారం ఒకరాత్రి, మధ్యలో ఏకపాత్రాభినయం ఒకటి. కాంట్రాక్టు నాటకాల రోజులనుంచే ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు అని పేరుపడిన నటులను పిలిచి సీనుకొకరిచేత ఆడించే ఆచారం ఉన్నది. అందులో పోటీవల్ల పుట్టే రక్తి కొంత ఉన్నమాట వాస్తవం. అయితే ముగ్గురు కృష్ణులు ఉన్నా అప్పుడు కథ ఒక్కటిగా నడిచేది. కథ పోయి సీను మాత్రమే మిగిలితే, అది కచేరీ అవుతుంది గాని నాటకం కాదు.

అత్తయ్యగారి పక్షానికి వస్తాను. ఇక్కడ నేను తటస్థుణ్ణి కానని ముందే చెప్పవలె. కురుక్షేత్రం అని మనం పిలుచుకొనేది తిరుపతి వేంకట కవుల భారత నాటకాలు ఆరింటిలోని పాండవోద్యోగ, పాండవ విజయాల కూర్పు. ఆ జంటలో చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రిగారు మన కడియంలో, దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు భీమవరం దగ్గర యండగండిలో జన్మించినవారు. అంటే గోదావరికి చెరొక ఒడ్డున పుట్టిన ఇద్దరు పండితులు, ఆశువుగా శతావధానాలు చేసిన నోటితోనే, పొలంలో అరక దున్నేవాడు కూడా పాడుకోగల పద్యాలు చెప్పారన్నమాట. పడకసీనులో కృష్ణుడు అర్జునుణ్ణి పలకరించే పద్యం ఎత్తుకోండి. మీ పక్కనున్నవారే తక్కినది పూర్తిచేస్తారు. వారిది వ్యాకరణం తప్పని గట్టి తెలుగు. అయినా మాట్లాడుకొనే తీరు. బావ బావను కుశలమడిగినట్లు ఉంటుంది, లోపల రాజ్యాల లెక్క ఉంటుంది.

రాయబారంలో మరొక విశేషం. సభలో అందరూ కూర్చుని ఉంటారు, కత్తి దూసేవాడు లేడు, కదలిక లేదు, మాయ లేదు. కేవలం మాట. సంధి చేయుమని ఒకడు చెబుతాడు, చేయనని ఒకడు అంటాడు. ఈపాటి దానికి జనం తెల్లవారుజామున మూడు గంటలకు మంచులో దుప్పట్లు కప్పుకొని కూర్చుంటారంటే, ఆ పద్యం బలం ఎటువంటిదో ఊహించండి. పీసపాటి నరసింహమూర్తిగారు కృష్ణుడిగా అంతటి ఖ్యాతి పొందినది రాగం చేతనే కాదు. ప్రతి మాటా చివరి వరుసలోని ముసలమ్మకు కూడా అర్థమయ్యేటట్లు పలికేవారు. పద్యం ముందు, రాగం తరువాత. ఈ వరుస తలక్రిందులైనచోట, పద్యం ఆఖరి అక్షరం పట్టుకొని పావుగంట రాగం తీసి, ఒన్స్‌మోరుకు మళ్ళీ తీసి, దుర్యోధనుణ్ణి అంతసేపూ ఉత్తచేతులతో నిలబెట్టినచోట, నేను లేచి వచ్చేస్తాను. ఒక మంచి పద్యానికి ఒక్క ఒన్స్‌మోరు న్యాయం.

కరపత్రంలో హార్మనీ ఎవరని తప్పక చూడండి. వెనుకటి కాళ్ళహార్మనీ వద్ద కూర్చున్న ఒక పెద్దాయనను నేను దగ్గరనుంచి చూచాను. రెండు కాళ్ళూ మార్చి మార్చి తొక్కుతున్నవి, రెండు చేతులూ మెట్లమీద ఉన్నవి, చూపు మాత్రం మెట్లమీద లేదు. నటుడి గొంతుమీద ఉన్నది. అతడు ఊపిరి పీల్చుకొనే క్షణాన్ని ఈయన స్వరంతో నింపి, అతడు పై షడ్జమానికి లేచే ముందు ఒక్క రవ్వ తగ్గి దారి ఇచ్చి, అందుకోలేక జారబోయినప్పుడు కింద నిలబడి ఆదుకొన్నాడు. జనం చప్పట్లు కొట్టవలసినది ఎవరికో ఆ రాత్రి నాకు తెలిసింది. మీకు కుదిరితే హార్మనీ ఉన్న వైపున కూర్చోండి.

కాకినాడ కాళ్ళకూరి నారాయణరావుగారి చింతామణి మాట ఎందుకు ఎత్తలేదని మీరు అడుగవచ్చును. సంఘసంస్కరణ బుద్ధితో పుట్టిన ఆ నాటకంలో సుబ్బిశెట్టి పాత్రకు నటులు ఎవరికి తోచిన బూతు వారు చేర్చి, ఒక కులంవారి మనస్సు నొప్పించేదాకా తెచ్చారు. 2022 జనవరిలో ప్రభుత్వం దాని ప్రదర్శనను నిషేధించింది. గ్రంథకర్త వ్రాయని మాటల వల్ల గ్రంథకర్తకు చేటు వచ్చింది. ఆయనదే వరవిక్రయం దొరికితే మాత్రం తప్పక చూడండి. కట్నాలమీద అంత నిక్కచ్చిగా వ్రాసినవారు అరుదు.

నాటకాల విషయంలో మనకింత పట్టింపు ఎందుకంటే, ఆ విత్తనం పడినదే ఈ గట్టున కనుక. 1880లో ధార్వాడ నాటక సమాజమువారు రాజమహేంద్రవరం వచ్చి ఆడి వెళ్ళిన పిమ్మట, వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ శిష్యులచేత తెలుగు నాటకం ఆడించారు. అదే సంవత్సరం పూనాలో అణ్ణాసాహెబ్ కిర్లోస్కర్‌గారు సంగీత శాకుంతలం ఆడించి మరాఠీవారి సంగీత నాటకానికి తెర ఎత్తారు. మరి పదేండ్లు గడవక ముందే చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు గయోపాఖ్యానం వ్రాశారు. తరువాత ఆంధ్రకేసరి అయిన టంగుటూరి ప్రకాశం పంతులుగారు పడుచుతనంలో రాజమహేంద్రవరంలో చిలకమర్తివారి నాటకాలలో ముఖానికి రంగు పూసుకొన్నవారే. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్బు నాటకాలలో ఆరితేరిన రేలంగి, ఎస్.వి. రంగారావుగారలు సినిమాకు వెళ్ళినది కూడా ఇక్కడినుంచే.

మా ఇంటి తీర్పు అడుగుతున్నారా? వ్యానును రెండు చేశాం. పిల్లలూ మేనకోడలూ రాజమహేంద్రవరానికి, అత్తయ్యగారూ బావగారూ నేనూ కురుక్షేత్రానికి. ఆ కరపత్రంలో పడకసీను మొదలు యుద్ధం వరకూ ఉండటమే మమ్ము అటు లాగింది. మీకు ఒక్క రాత్రే ఉండి, వెంట పసిపిల్లలు లేకుంటే, మీరూ కురుక్షేత్రానికే పొండి. పిల్లలుంటే సురభివారి దగ్గరకు పొండి. హరిశ్చంద్ర అయితే పూర్తి నాటకం వేసే రోజు వరకు ఆగండి.

ఇంకొక్క మనవి. తీర్థం చందాకు కమిటీవారు మీ గుమ్మం ముందుకు వస్తారు కదా. అప్పుడు డబ్బు చేతిలో పెడుతూ, "సీన్లు వద్దండీ, నాటకం మొత్తం వేయించండి" అని ఒక్క మాట అడగండి. పదిమంది అడిగితే వేయిస్తారు.