తాత కాంటెసాకు వెల కట్టేదెట్లా?

పోయిన సంక్రాంతికి కోయంబత్తూరులో ఇంటివాళ్లమంతా కూడినప్పుడు తాత కాంటెసా మాట మళ్లీ లేచింది. ఎనిమిదేళ్లుగా షెడ్డులో నిలిచిపోయిన బండి. పన్నెండు లక్షలకు పైసా తగ్గినా ఇచ్చేది లేదని కొందరు పట్టుబట్టినారు. "అది ఇండియా మజిల్ కారు, అన్నా!" అన్నారు. ఆ మాటా తప్పే, ఆ వెలా తప్పే. అందుకే ఇది రాస్తున్నాము.

మజిల్ కారంటే 1964లో అమెరికాలో వచ్చిన పాంటియాక్ జీటీఓ లాంటిది. మధ్యరకం బండిలో 6.4 లీటర్ల వీ8 ఇంజను పెట్టినారు. మామూలు మోడలుకే 325 హార్స్‌పవర్. మన కాంటెసాను వాక్స్‌హాల్ నమూనా మీద హిందుస్తాన్ మోటార్స్ తయారుచేసింది. మొదట్లో దానికి పెట్టింది అంబాసిడర్‌లోని 1.5 లీటర్ల ఇంజనే. ఇసుజు 1.8 లీటర్ల ఇంజను వచ్చినాకనే దానికి ఊపు వచ్చింది, అప్పటికీ నూరు హార్స్‌పవర్ దాటలేదు. పొడుగాటి బానెట్టు చూసి మజిల్ కారంటే, పులివేషం కట్టినవాణ్ని పులి అన్నట్టే. కూర్చుంటే సుఖంగా పోయే మంచి బండి అది. ఆ పేరు చాలదా?

"వింటేజ్" అనడమూ కుదరదు. 2021 నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటాలి. మనది 1989 బండి.

మరి వెల ఎట్లా కట్టాలి? జీడీ కార్ మ్యూజియం ఉన్న ఊళ్లో మనకు ఇది ఒకరు నేర్పాలా? మొదట ఒళ్లు చూడాలి. ఫ్లోరు, తలుపుల అడుగు, డిక్కీ కింద అయస్కాంతం పెడితే, అంటుకోని చోటల్లా పుట్టీనో, రేకు తిన్న తుప్పో ఉన్నట్టే. తరువాత ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఆర్సీతో కలవాలి. తరువాత అద్దాలు, లైట్లు, క్రోము పట్టీలు ఉన్నాయా లేవా చూడాలి. ఈ బండి తయారీ ఆగిపోయి ఇరవై ఏళ్లు దాటింది, అవి దొరికేది కష్టం. చివరికి కాగితాలు. ఆర్సీ ఇంకా తాత పేరు మీదే ఉంది.

మేము మేస్త్రీని పిలిపించి చూసినాము. టింకరింగు, పెయింటు 1,60,000. బ్రేకులు, టైర్లు, వైరింగు 70,000. అద్దం, లైట్లు 45,000. కాగితాల ఖర్చు 15,000. మొత్తం 2,90,000. ఇదే ఊళ్లో బాగా నడిచే ఇట్లాంటి బండి ఆరు లక్షలకు చేతులు మారింది, మేమే చూసినాము. తీసేస్తే మిగిలేది 3,10,000. అదే న్యాయమైన వెల. పాత ఇనుము లెక్కన అడిగినవానికి ఇయ్యమనడం లేదు, కలలో వెల అడగొద్దంటున్నాము.

"తాత కూర్చున్న సీటుకు వెల లేదా?" అంటారు. ఉంది, మనకు. కొనేవాడు మన తాతను చూళ్లేదు, ఆ జ్ఞాపకానికి వాడెందుకు డబ్బులియ్యాలి?

పన్నెండు లక్షలు అడుగుతూ కూర్చున్న మూడేళ్లలో ఒక్కడూ రాలేదు. వాన నీళ్లు షెడ్డులోకి దిగి ఫ్లోరు తుప్పు రెండింతలైంది. తన భాగం అడగలేక అడుగుతున్న అత్త ముఖం మీరూ చూసినారు కదా. ఇది తాతను గౌరవించడమా?

మా మాట ఒక్కటే. ఏ వెలకు అమ్ముతామంటారో ఆ వెలకు మీరు కొనడానికీ సిద్ధంగా ఉండాలి. బండి పన్నెండు లక్షలదే అనుకుంటే, ఆ లెక్కన అందరి భాగాలూ ఇచ్చి మీరే తోలుకొని పోండి, మేము సంతోషంగా హారతి పట్టి పంపుతాము. లేదంటే ఈ వానాకాలం రాకముందే 3,10,000కు ఇచ్చి, అత్త భాగం అత్త చేతిలో పెడదాము.