లోపమా, అభావమా?



‘సర్వర్‌లెస్’ అన్న మాట మొదటిసారి విన్నప్పుడు, ముప్పయ్యేళ్లు పిల్లల చేత సమాసాలకు విగ్రహవాక్యాలు చెప్పించిన అలవాటు కొద్దీ, దీనికీ ఒకటి చెప్పుకొని చూశాను. ‘సర్వర్ లేనిది’ అని వచ్చింది. సేవ చేసే యంత్రమే లేనప్పుడు సేవ ఎక్కడినుంచి వస్తుందన్న సందేహం వెంటనే కలిగింది. ఈ మధ్య అటువంటి ప్రమేయాన్ని ఒకదానిని స్వయంగా సృష్టించిన తరువాత ఆ సందేహం తీరింది. దానితోపాటు నాకొక అభిప్రాయం కూడా స్థిరపడింది. దానిని మీ ముందుంచడమే ఈ టపా ఉద్దేశం.

వ్యాకరణంలో లోపం వేరు, అభావం వేరు. లోపమంటే కనబడకపోవడమేనని పాణిని నిర్వచించాడు. లోపించిన ప్రత్యయం కనబడదు గాని, దాని కార్యం మాత్రం జరుగుతూనే ఉంటుంది. ‘రా’ అన్నప్పుడు ‘నీవు’ అన్న కర్త వినబడడు. అంతమాత్రాన లేడని అనం, అధ్యాహారం చేసుకుంటాం. మేఘంలోని సర్వరూ అంతే. 2014 నవంబరులో అమెజాన్ వారు ‘లాంబ్డా’ను ప్రకటించిననాటినుంచి ఈ పద్ధతికి ప్రచారం పెరిగింది. యంత్రాలను అద్దెకు తీసుకొని, వాటిని కనిపెట్టుకొని ఉండే భారం మనకుండదు. మన ప్రమేయాన్ని ఎవరైనా పిలిచినప్పుడు అది మేల్కొంటుంది, పని ముగించి జవాబు చెబుతుంది. యంత్రాలు మాత్రం ఎక్కడో ఉండనే ఉన్నాయి. అమెజాన్ వారి హైదరాబాదు కేంద్రాలు 2022 నవంబరులో మొదలయ్యాయి. మన కంటికి కనబడనంత మాత్రాన వాటికి కరెంటు ఖర్చు లేదనుకోరాదు. కనుక ‘సర్వర్‌లెస్’ను నేను అభావంగా గాక లోపంగానే అన్వయిస్తాను.

ఇక నా గొడవ. పద్యపాదాన్ని ఇస్తే గురులఘువులు గుర్తించి, గణాలు విడదీసి చూపే చిన్న ప్రోగ్రాము ఒకటి పదవీ విరమణ తరువాత రాసుకున్నాను. ఉత్పలమాల పాదమిస్తే భ, ర, న, భ, భ, ర, వ గణాలు వరుసగా ఉన్నవో లేవో చెబుతుంది. యతిస్థానమైన పదవ అక్షరాన్ని ఎత్తి చూపుతుంది. పూర్వవిద్యార్థులు కొందరు దానిని వాడుకునేవారు. నెలసరి అద్దెకు తీసుకున్న ఒక సర్వరు మీద దానిని నడిపాను. రోజంతా మేలుకొని ఉండే ఆ యంత్రాన్ని రోజుకు పదిమంది కూడా పలకరించేవారు కారు. పింఛను మీద బ్రతికేవాడికి ఆ అద్దె బరువై, ఒక ఏడు కట్టలేదు. సర్వరు పోయింది. ప్రోగ్రాము ప్రతి నా దగ్గర భద్రంగానే ఉన్నది. కాని దానిని అక్కడ ఎలా నిలబెట్టానో, ఏ తెరలో ఏ బొత్తాం నొక్కానో ఒక్క ముక్కా రాసిపెట్టుకోలేదు. మళ్లీ నిలబెట్టబోతే ఏదీ గుర్తుకు రాలేదు. తాళపత్రాలు చెదలు తిన్నాయని పిల్లల ముందు వాపోయినవాణ్ణి, నా పత్రాన్ని నేనే చెదలకు వదిలాను.

ఈసారి ఆజ్ఞాపంక్తిని ఆశ్రయించాను. ఒక పూర్వవిద్యార్థి తోవ చూపాడు. నల్లని తెర మీద ‘ఏడబ్ల్యూఎస్ లాంబ్డా క్రియేట్-ఫంక్షన్’ అని మొదలుపెట్టి, అయిదు విషయాలు చెప్పాలి. మొదటిది ప్రమేయం పేరు. రెండవది అది ఏ భాషలో, ఆ భాష ఏ కూర్పులో నడవాలన్నది. మూడవది పాత్ర, అనగా దానికి ఏయే అధికారాలున్నవో తెలిపేది. నాల్గవది పిలుపు అందుకునే చోటు. చుక్కకు ముందు దస్త్రం పేరు, చుక్క తరువాత ప్రమేయం పేరు. అయిదవది ప్రోగ్రామును మూటగట్టిన జిప్ దస్త్రం. చూడగా ఇది చక్కని విధ్యర్థక వాక్యమే. క్రియ ముందు, దానిని ఆశ్రయించిన పదాలు వెనుక. ఏ ఒక్కటి తప్పినా అన్వయం కుదరదు.

నాకూ కుదరలేదు. జిప్ దస్త్రం తావు చెప్పేటప్పుడు ‘ఫైల్’ అని కాక ‘ఫైల్‌బి’ అని రాయాలి. ఆ చివరి ‘బి’ ఇది అక్షరాల దస్త్రం కాదని తెలిపే గుర్తు. అది మరచి తిరస్కారం పొందాను. తరువాత పాత్ర దగ్గర చిక్కు వచ్చింది. పాత్రను సృష్టించడంతో సరిపోదు. లాంబ్డా ఆ పాత్రను ధరించవచ్చునని అందులోనే నమ్మికపత్రం ఉండాలి. వేషం సిద్ధంగా ఉన్నా, కట్టుకునే నటుడికి అనుమతి లేకపోతే నాటకం సాగదు కదా!

మూడవ చిక్కు మాత్రం పూర్తిగా నా అవివేకం. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు. కాని రెండూ వేర్వేరు తెలుగు పదాలలో ఉంటే ఆ నియమం వర్తించదు. అందుకని సంస్కృతపదాల పెద్ద పట్టికను ప్రతి పిలుపుకూ మొదటినుంచి చదివిస్తూ వచ్చాను. వేరుగా చెప్పకపోతే లాంబ్డా ఇచ్చే గడువు మూడు సెకన్లే. ఆ గడువు దాటి ప్రోగ్రాము మధ్యలోనే ఆగిపోయింది. గడువును 15 నిమిషాల దాకా పెంచుకోవచ్చు. నేను పెంచలేదు. పట్టిక చదివే పనిని ప్రమేయానికి వెలుపల పెట్టాను. ఇప్పుడు నిద్ర లేచినప్పుడు ఒకసారి చదువుకొని, మెలకువగా ఉన్నంతసేపూ దానినే వాడుకుంటుంది.

బొత్తాలు నొక్కితే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకని మీరడగవచ్చు. నొక్కిన బొత్తాం జాడ మిగలదు. రాసిన ఆజ్ఞ మిగులుతుంది. ఈ ఆజ్ఞలన్నీ వరుసగా ఒక దస్త్రంలో పెట్టుకున్నాను. తప్పుంటే దిద్దవచ్చు, ప్రతి తీయవచ్చు, నా తరువాత మరొకరికి అప్పగించవచ్చు. రహస్య తాళపుచెవులు మాత్రం అందులో రాయకూడదు. చదువు నిలిచేది వ్రాతప్రతిలో గాని, వేలికొసలలో కాదు.

ఒకరి మేఘాన్ని నమ్ముకుంటే రేపు వారు మార్చినప్పుడు గతేమిటన్నది మరొక ఆక్షేపణ. న్యాయమైనదే. భాషల కూర్పులకు కూడా ఆయుర్దాయం ఉన్నది; పైథాన్ రెండవ కూర్పుకు ఆలనాపాలనా 2020 జనవరి 1తో ముగిసింది. అందుకే ఛందస్సు తెలిసిన భాగాన్ని వేరుగా ఉంచి, లాంబ్డాతో మాట్లాడే భాగాన్ని నాలుగు వాక్యాలకు కుదించాను. ఇల్లు మారితే గడప మార్చుకుంటే చాలు.

ఖర్చు మాటకు వస్తే, నెలకు 10 లక్షల పిలుపుల వరకు రుసుము లేదు. వాడిన జ్ఞాపకశక్తికీ, కాలానికీ కూడా ఉచిత పరిమితి ఉన్నది. నా పద్యప్రియులు ఆ దరిదాపులకు కూడా రారు. అయినా తలుపు తెరిచి ఉంచిన చిరునామాను ఎవరైనా అదే పనిగా తట్టవచ్చు. కనుక ఏకకాలంలో నడిచే ప్రతులకు పరిమితి పెట్టి, బిల్లు పెరిగితే తెలియజేసే హెచ్చరికను ఏర్పాటు చేసుకోవడం మేలు.

మనలో చాలామంది నిఘంటువులూ, లిపి మార్పిడి పరికరాలూ, పదక్రీడలూ తెలుగు కోసం చేసి పెట్టారు. ఎన్నో కనుమరుగయ్యాయి. వాటిలో కొన్ని మీ పాత డిస్కులలో ఇంకా పడి ఉండవచ్చు. అవి ఇంకా లోపాలే. ఎవరూ పట్టించుకోకపోతే అభావాలవుతాయి. ఒక సాయంత్రం వెచ్చించి వాటిని మళ్లీ నిలబెట్టండి. నిలబెట్టిన విధానాన్ని మాత్రం రాసి పెట్టండి.