మన పేరుతో ఒక స్నేహం

పెళ్లయి పదేళ్లు దాటిన ఏ ఆడదాన్నయినా "నీ స్నేహితురాళ్లెవరు?" అని అడిగి చూడండి. ముందు నవ్వుతుంది. తర్వాత కాలేజీలో చదువుకున్నప్పటి రెండు పేర్లు చెబుతుంది. వాళ్లిప్పుడు ఎక్కడున్నారంటే "ఒకామె బెంగుళూరులో ఉందనుకుంటా" అంటుంది. మరి ఇప్పటి స్నేహితులు? ఆయన ఆఫీసులో పనిచేసేవాళ్ల భార్యలు, పక్కింటావిడ, పిల్లాడి క్లాసుమేటు వాళ్లమ్మ. అందరూ మంచివాళ్లే. కానీ ఇందులో మనంతట మనం సంపాదించుకున్నవాళ్లు ఒక్కరూ లేరు. ఆయనకు బదిలీ అయితే ఒక స్నేహం పోతుంది. అద్దె ఇల్లు మారితే ఇంకొకటి పోతుంది. పిల్లాడు స్కూలు మారితే మూడోదీ అంతే.

మా వాకాడు లాంటి ఊళ్లలో ఇంకో చిక్కు ఉంది. ఊరంతా ఎరిగినవాళ్లే, అయినా మనల్ని పేరుతో పిలిచేవాళ్లుండరు. మేష్టారి భార్య, ఎరువుల కొట్టాయన కోడలు, ఫలానా అబ్బాయి వాళ్లమ్మ. మన పేరు మాత్రం రేషన్ కార్డులోనూ ఆధార్ కార్డులోనూ భద్రంగా ఉంటుంది.

సేవా క్లబ్బులు ఊరికి ఏం చేస్తాయన్నది అందరూ రాస్తారు. అందులో చేరిన ఆడదానికి ఏం ఒరుగుతుందన్నది ఎవరూ అడగరు. నన్నడిగితే, మన సొంత పేరుతో మనకొక స్నేహం దొరికే చోట్లు ఇవాళ చాలా తక్కువ. ఆ తక్కువ చోట్లలో సేవా క్లబ్బు ఒకటి. అయితే ఒక్క షరతు. ఆ క్లబ్బులో నిజంగా పని ఉండాలి.

పనిలో తెలిసే మనిషి

ఉచిత కంటి శిబిరం సంగతే తీసుకుందాం. పొద్దున ఆరింటికే ముసలివాళ్లు వచ్చి స్కూలు వరండాలో వరసగా కూర్చుంటారు. ఒక్కొక్కరి పేరు, ఊరు, వయసు రాసుకోవాలి. వయసెంత అంటే "తుపాను ముంచినప్పుడు నా పెద్ద కూతురు చంకలో ఉండాది" అంటుంది ఓ అవ్వ. మా తీరంలో పెద్ద తుపానంటే ఆ వయసు వాళ్లకి 1984 నవంబరులో శ్రీహరికోట దగ్గర తీరం దాటినదే. దాన్నిబట్టి లెక్కకట్టి వయసు వెయ్యాలి. కంట్లో చుక్కలు వేశాక కాసేపు చూపు మసకబారుతుంది కనుక చెయ్యి పట్టుకుని బెంచీ మీద కూర్చోబెట్టాలి. బి.పి., షుగరు చూసేచోట క్యూ తోసుకోకుండా నిలబడాలి. "కన్ను పీకేస్తారంట గదమ్మా" అని భయపడే తాతకు ధైర్యం చెప్పి ఆపరేషన్‌కు బస్సెక్కించాలి. మధ్యాహ్నం భోజనాలు, సాయంత్రం ఖర్చుల లెక్క.

ఆ ఒక్కరోజులో ఎవరెలాంటివాళ్లో తెలిసిపోతుంది. అందరూ తిన్నాక తినేదెవరో, ఎండలోకి రమ్మంటే తలనొప్పి వచ్చేదెవరికో, విసుక్కోకుండా మూడుసార్లు అదే మాట చెప్పగలిగేదెవరో. పదేళ్లు పేరంటాల్లో ఎదురుపడినా తెలియని సంగతులివి. పేరంటంలో మనం చీర చూస్తాం, నగ చూస్తాం, పిల్లల మార్కులు అడుగుతాం. అలసిపోయి వరండా మెట్ల మీద పక్కపక్కన కూర్చుని చల్లారిన టీ తాగినప్పుడే మనసు విప్పి మాట్లాడతాం.

నేనెరిగిన ఒకావిడ ఉంది. డిగ్రీ చదివింది. పెళ్లయ్యాక బ్యాంకు గడప తొక్కలేదు, అవసరం రాలేదంతే. ఇలాంటి ఒక బృందంలో చేరిన రెండో ఏడు ఆమెను కోశాధికారిని చేశారు. చెక్కు రాయడం, రసీదు కొట్టడం, నెలకోసారి లెక్క అందరిముందు చదవడం నేర్చుకుంది. ఆ తర్వాత ఇంట్లో పొలం తాకట్టు కాగితాలు తెచ్చి ఎప్పట్లాగే సంతకం పెట్టమంటే, "ఉండండి, చదివి పెడతా" అందట. ఆ మాటకు ఇంట్లో రెండు రోజులు ఎవరూ సరిగ్గా మాట్లాడలేదు. మూడోరోజు మొగుడే పక్కన కూర్చుని వడ్డీ లెక్క వివరించాడు. సేవ వల్ల ఆమెకు ఒరిగింది అది.

ఇంకొకావిడకు భర్త పోయాడు. మన ఊళ్లలో ఆ తర్వాత ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. పేరంటాలకు పిలుపు ఆగిపోయింది. శుభకార్యాలకు పిలిచినవాళ్లు కూడా మాటవరసకే పిలిచారు. తోటి సభ్యులు మాత్రం నాలుగో నెలలో ఇంటికెళ్లి "వచ్చే ఆదివారం శిబిరం ఉంది, పేర్లు రాసే పని నీదే" అన్నారు. బొట్టు గురించి గానీ ముహూర్తం గురించి గానీ అక్కడెవరూ ఎత్తలేదు. ఆమె వచ్చింది, ఇప్పటికీ వస్తూనే ఉంది. భర్తతో వచ్చిన స్నేహాలు భర్తతో పోతాయి. తన పేరుతో వచ్చినది నిలబడింది.

భార్య హోదాలోనా, మన హోదాలోనా?

ఈ క్లబ్బుల చరిత్రే ఈ సంగతి చెబుతుంది. రోటరీ 1905లో, లయన్స్ 1917లో, రెండూ అమెరికాలోని చికాగో నగరంలో పుట్టాయి. ఆడవాళ్లను సభ్యులుగా చేర్చుకోవడానికి లయన్స్‌కు 1987 దాకా, రోటరీకి 1989 దాకా పట్టింది. అన్నేళ్లూ సేవ అన్న మాట ఉంది, అన్నం వడ్డించే ఆడవాళ్లూ ఉన్నారు, సభ్యత్వం మాత్రం లేదు. 1924లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో మార్గరెట్ గోల్డింగ్ అనే నర్సు రోటరీ సభ్యుల భార్యలను కూడగట్టి ఇన్నర్ వీల్ మొదలుపెట్టింది. ఆ సంస్థ ఆశయాల్లో మొట్టమొదటిది స్నేహం, తర్వాతే సేవ. భర్తల క్లబ్బు నీడలో మొదలైనా ఆ వరస పెట్టుకున్నవాళ్లు తెలివైనవాళ్లనిపిస్తుంది.

ఇప్పుడు తలుపు తెరిచే ఉంది. అయినా మన చిన్న ఊళ్లలో భర్త అధ్యక్షుడైతే భార్య వేదికెక్కడం, ఆయన పదవి దిగితే ఆమె ఇంట్లో కూర్చోవడం చూస్తూనే ఉన్నాం. చేరితే మన పేరు మీద చేరాలి. చందా కూడా మన పొదుపులోంచి కడితే మరీ మంచిది.

మన నేల మీదే ఉన్నారు

ఇదంతా పైదేశం నుంచి వచ్చిన సరదా అనుకోనక్కర్లేదు. నెల్లూరు సీమలోనే పొణకా కనకమ్మగారున్నారు. చిన్నప్పుడే పెళ్లయి పొట్లపూడి కాపురానికి వచ్చిన మనిషి. పెన్న ఒడ్డున పల్లిపాడులో సత్యాగ్రహాశ్రమానికి స్థలం ఇచ్చింది ఆమే. దాన్ని 1921లో గాంధీగారు ప్రారంభించారు. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఆమె నేస్తం ద్రోణంరాజు లక్ష్మీబాయమ్మ. ఇద్దరూ కలిసి రచనలు చేశారు. ఒక ఇల్లాలు ఇంకో ఇల్లాలి పేరు పక్కన తన పేరు పెట్టి అచ్చువేయించుకోవడం ఆ రోజుల్లో చిన్న సంగతి కాదు.

అదే 1923లో కాకినాడ కాంగ్రెసు మహాసభల్లో పద్నాలుగేళ్ల దుర్గాబాయి వలంటీరుగా నిలబడి, టిక్కెట్టు లేదని జవహర్‌లాల్ నెహ్రూనే ప్రదర్శన లోపలికి పోనివ్వలేదు. టిక్కెట్టు కొన్నాకే దారి ఇచ్చింది. తర్వాత ఆంధ్ర మహిళా సభ పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆవిడే. ఒక బాధ్యత అప్పజెబితే ఆడపిల్లకు గొంతు ఎలా వస్తుందో ఇంతకన్నా ఏం చెప్పాలి?

మరీ దగ్గరి సంగతి, 1990ల మొదట్లో మన జిల్లాలో నడిచిన అక్షరదీపం. రాత్రిపూట లాంతరు వెలుగులో వలంటీర్లు చదువు చెప్పారు. రోజంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్లు ఒకచోట కూర్చుని ఓనమాలు దిద్దుతూ కష్టసుఖాలు చెప్పుకున్నారు. 1992లో దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అది జిల్లాలు దాటిపోయి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారాను నిషేధించాల్సి వచ్చింది. ఆ ఊపులోనే రోజుకో రూపాయి దాచుకునే పొదుపు సంఘాలు మన జిల్లాలో ఊరూరా పుట్టాయి. ఆడవాళ్లు ఒకచోట కూర్చునే వీలు దొరికితే ఏమవుతుందో చూశాం.

ఇంట్లో చాలదా, ఊళ్లో సేవా?

ఈ మాట వినని సభ్యురాలుండదు. "యాడికమ్మా పొద్దున్నే తయారయి పోతాండావు, ఇంట్లో సేవ అయిపోయిందా?" అని వీధి అరుగు మీది నుంచే అడుగుతారు. మగవాళ్లు క్లబ్బు మీటింగని రాత్రి పదింటికి వచ్చినా ఎవరూ అడగరు, అన్నం వేడిచేసి పెడతాం. ఇంట్లో పసిబిడ్డో మంచాన పడ్డ పెద్దవాళ్లో ఉంటే ఆ కాలానికి మానుకోవడంలో తప్పులేదు. కానీ నెలకు రెండు పూటలు బయటికి వెళితే కూలిపోయే ఇల్లయితే, ఆ ఇంటి భారమంతా ఒక్క మనిషి మీదే ఉందన్నమాట. ఆ సంగతి ఇంట్లోవాళ్లకు తెలియడమూ మంచిదే.

శాలువాలు చాలు

ఇక మన క్లబ్బుల సంగతి. చాలాచోట్ల సేవ అంటే ఆస్పత్రిలో రోగికి రెండు అరటిపళ్లిచ్చి ఆరుగురు ఫోటో దిగడంగా మారింది. ప్రమాణ స్వీకారానికి పెట్టిన ఖర్చులో సగం పెడితే ఒక బడికి మరుగుదొడ్డి బాగవుతుంది. ఆ ఫోటో చేతులు మారేలోపే ఆ పరిచయమూ ఆరిపోతుంది, ఎందుకంటే కలిసి చేసిన పని ఏదీ లేదు. పదవి కోసం చీలిపోయిన క్లబ్బులూ చాలావరకు ఇలాంటివే.

ఇంకోటి, చందా కట్టగలిగినవాళ్లే సభ్యులు, మిగతావాళ్లు తీసుకునేవాళ్లు అన్న గీత. కంటి శిబిరానికి ముసలివాళ్లను ఇంటింటికీ తిరిగి పోగుచేసేది ఆశా కార్యకర్త, పొదుపు సంఘం లీడరు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు ఏ పాలెంలో ఎవరికి ఏం కావాలో తెలిసింది అక్కడి ఆడవాళ్లకే. వాళ్లు వేదిక కింద ఉండి మనం పైన ఉంటే స్నేహం ఎక్కణ్ణించి వస్తుంది? ఏం చెయ్యాలో నిర్ణయించే రోజునే వాళ్లను పిలిచి పక్కన కుర్చీ వెయ్యాలి.

ఏడాదికి ఒక్క పని పెట్టుకుంటే చాలు. బడిపిల్లల కంటిచూపో, ఆడపిల్లల రక్తహీనతో, తుపాను వచ్చేలోపు పాలేల్లో మందులు, టార్పాలిన్లు సిద్ధం చెయ్యడమో. మీటింగు ఆడవాళ్లకు వీలైన మధ్యాహ్నం మూడింటికి పెట్టాలి. లెక్క ప్రతినెలా పైకి చదవాలి. ఈసారి సన్మానాల శాలువాలు మానేసి చూడాలి.

మీ ఊళ్లో అలాంటి క్లబ్బు ఉంటే వెళ్లండి. లేకపోతే నలుగురు చాలు, బోర్డు తర్వాత రాయించుకోవచ్చు. మొదటిరోజు ఒక్క నియమం పెట్టుకోండి. అక్కడ ఎవరూ ఎవరి భార్యా కాదు, ఎవరి కోడలూ కాదు. అందరూ పేర్లతోనే పిలుచుకోవాలి.