దూకడం కాదు, దిగడం తెలియాలి

విశాఖ ఆర్కే బీచ్‌లో 2025 జనవరి 2న నేవీ విన్యాసాలకి రిహార్సల్ జరిగింది. ఆకాశంలోంచి దిగుతున్న ఇద్దరు కమాండోల పారాచూట్లు ఒకదానికొకటి చుట్టుకుపోయాయి. గిరగిరా తిరుగుతూ ఇద్దరూ తీరానికి దగ్గర్లోనే సముద్రంలో పడ్డారు. నేవీ పడవ వెళ్ళి ఇద్దర్నీ పైకి తీసింది. అదృష్టం, ఎవరికీ ఏమీ కాలేదు.

అది టీవీలో చూసి "అంతెత్తు నుంచి అసలెలా దూకుతారో!" అనుకున్నవాళ్ళే ఎక్కువ. నిజానికి దూకడానికి గుండె ఉంటే చాలు. ఒక్క అడుగు బయటికి వేస్తే మిగతాది భూమి చూసుకుంటుంది. దిగడానికే విద్య కావాలి. పద్మవ్యూహంలోకి వెళ్ళడం తెలిసి బయటికి రావడం తెలియని అభిమన్యుడి కథ మనకి కొత్తేం కాదుగా!

2015 ఆగస్టులో క్రికెటర్ ధోనీ ఆగ్రాలో పారాచూట్ శిక్షణ తీసుకున్నాడు. ఏఎన్-32 విమానంలోంచి 1,250 అడుగుల ఎత్తున తొలిసారి దూకాడు. ఐదుసార్లు దూకాక రెక్కల బ్యాడ్జీ వచ్చింది. కానీ విమానం ఎక్కే ముందు అతను కూడా రోజుల తరబడి నేల మీదే శిక్షణ పొందాడు. ఎంత పేరున్నవాడైనా ముందు పడ్డం నేర్చుకోవాల్సిందే.

సైనికులు వాడే గుండ్రటి పారాచూట్ సెకనుకి ఐదారు మీటర్ల వేగంతో దించుతుంది. అంటే ఐదారు అడుగుల గోడ మీంచి దూకినంత దెబ్బ. కాళ్ళు బిగబట్టి నిలబడదామనుకుంటే మడమో, మోకాలో, వెన్నో బలి. అందుకే రెండు పాదాలూ, రెండు మోకాళ్ళూ దగ్గరగా చేర్చి, మోకాళ్ళు కొంచెం వంచి, గడ్డం ఛాతీకి ఆనించి దిగమంటారు. పాదాల ముందు భాగం నేలని తాకగానే పక్కకి ఒరగాలి. పిక్క పక్క భాగం, తొడ, పిరుదు, వీపు పక్కభాగం... వరసగా ఒక్కొక్కటీ నేలకి ఆనాలి. ఒక్కచోట తగలాల్సిన దెబ్బని ఐదు చోట్ల పంచుకోవడం అన్నమాట. మా ముప్పాళ్ళ వైపు వరివాముల మీంచి దూకే పిల్లల్ని చూడండి. మోకాళ్ళు వాటంతటవే వంగుతాయి, పక్కకి దొర్లుతారు. వాళ్ళకి ఏ కోచ్ చెప్పాడు?

సరదాకి దూకే స్కైడైవర్ల పారాచూట్ వేరు. పలకలా ఉంటుంది, విమానం రెక్కలా ముందుకి దూసుకుపోతుంది. దీన్ని దించడంలో మొదటి పాఠం గాలి. తూర్పారబట్టే రైతు చేట ఎత్తే ముందు గాలి ఎటు వీస్తోందో చూస్తాడు కదా, ఇదీ అంతే. పారాచూట్ వేగం గంటకి 35 కిలోమీటర్లు, గాలి 15 అనుకుందాం. గాలికి ఎదురుగా దిగితే నేల మీద వేగం 20. గాలివాలున దిగితే 50! పరిగెత్తి ఆగగలిగే వేగమేనా అది?

రెండో పాఠం బ్రేకు. నేలకి ఇంకా రెండు నిలువుల ఎత్తు ఉందనగా చేతిలోని రెండు తాళ్ళూ సమానంగా కిందికి లాగాలి. రెక్క వెనక అంచు కిందికి వంగి, వేగం తగ్గి, పాదాలు మెత్తగా ఆనతాయి. కాళ్ళ కిందికి చూస్తే ఎత్తు అంచనా తప్పుతుంది. చూపు దూరంగా, ముందుకి ఉండాలి. తొందరపడి ముందే లాగారా? కంగారుపడి తాళ్ళు వదిలేయకూడదు. వదిలితే పారాచూట్ ముక్కు దించుకుని నేలకేసి దూకుతుంది. చేతులు ఉన్నచోటే ఉంచి, చివర్లో మిగతాది లాగి, పాదాలు చేర్చి పక్కకి దొర్లాలి.

అన్నిటికంటే పెద్ద ప్రమాదం తక్కువ ఎత్తులో మలుపు తిప్పడం. మలుపులో పారాచూట్ ఒక్కసారిగా ఎత్తు కోల్పోతుంది. చక్కగా విచ్చుకున్న పారాచూట్ కిందే అనుభవజ్ఞులు కూడా ప్రాణాలు పోగొట్టుకున్నది ఇలాగే. అనుకున్న చోటే దిగాలన్న పట్టుదలతో ఆఖరి క్షణంలో తిప్పేకంటే, పక్క చేలో దిగి నాలుగడుగులు నడిచి రావడం మేలు. మెరుగుపడాలనుకునేవాళ్ళు ప్రతి ల్యాండింగూ వీడియో తీయించుకుని కోచ్‌తో కలిసి చూస్తారు. ఒక్కసారికి ఒక్క లోపమే దిద్దుకుంటారు.

మనమెవరం విమానంలోంచి దూకబోవడం లేదు. కానీ మిర్చి టిక్కీలు ఎక్కిన ట్రాక్టర్ మీంచి దిగేవాళ్ళం, బైకు జారి పడేవాళ్ళం మనమే. పడేటప్పుడు చెయ్యి నిటారుగా చాపి ఆనిస్తే మణికట్టు విరుగుతుంది. ట్రాక్టర్ మీంచి దూకేటప్పుడైనా మోకాళ్ళు వంచే అలవాటు మంచిదే. ఇంట్లో పెద్దవాళ్ళకి మాత్రం ఈ దొర్లుళ్ళు చెప్పకండి. వాళ్ళకి కావాల్సింది తడి లేని బాత్రూము, గోడకో పట్టుకునే కమ్మీ, రాత్రిపూట ఓ చిన్న లైటు.

పైకెక్కేవాళ్ళకి చప్పట్లు కొట్టడం మనకి అలవాటు. క్షేమంగా కిందికి దిగినవాళ్ళకి కూడా కొడదాం!