నొప్పి బిళ్ళకి ఆఖరి తేదీ ఏదీ?

మా కురుపాంలో ఎవరికైనా వణుకూ చెమటలూ వస్తే ముందు అనుమానించేది మలేరియానే. కొండల పక్కన పుట్టినవాళ్ళం కదా, అదో అలవాటు. మొన్న సంక్రాంతికి హైదరాబాదునుంచి వచ్చిన మా అన్నయ్య (పెదనాన్నగారబ్బాయి, నాలాగే సాఫ్ట్‌వేరు జీవి) మూడోరోజున రగ్గు కప్పుకుని వణుకుతుంటే పెద్దమ్మ "ఇది మన్యం జొరమేరా" అని తేల్చేసింది. ముక్కు కారడం, విరేచనాలు, రాత్రంతా నిద్రలేకుండా కాళ్ళు కొట్టుకోవడం. రక్తపరీక్ష చేయిస్తే మలేరియా లేదు. అక్కడి కుర్ర డాక్టరు మాత్రం ఒకే ఒక్క ప్రశ్న వేశాడు: "రోజూ వాడే మందుల్లో ఏదైనా అయిపోయిందా?"

అయిపోయింది. ట్రమడాల్. చీటీ లేకుండా ఇవ్వనని ఊళ్ళో మందుల షాపాయన చెప్పేశాడట. పండగపూట ఎవరికీ చెప్పలేక ఊరుకున్నాడు.

అన్నయ్య రెండేళ్ళ క్రితం బరువు తగ్గడానికి గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్నాడు. షుగరు అదుపులోకొచ్చింది, పాత ప్యాంట్లన్నీ వదులైపోయాయి. ఆపరేషన్ని నేను తప్పుపట్టను. కానీ అన్నేళ్ళు బరువు మోసిన మోకాళ్ళు అంత తొందరగా కుదుటపడలేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. బైపాస్ అయ్యాక మనం మామూలుగా మింగే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి వాడకూడదంటారు, పొట్టనీ పేగునీ కలిపి కుట్టినచోట పుండు పడే ప్రమాదం ఉంటుంది కాబట్టి. పారాసెటమాల్ చాలదు. ఇక మిగిలింది మార్ఫిన్ వర్గానికి చెందిన ట్రమడాల్. డిశ్చార్జి కాగితంలో "నొప్పి ఉంటే వాడండి" అని రాసిచ్చారు. ఎన్నాళ్ళు వాడాలో, ఎలా మానాలో రాయలేదు. మోకాలు నొప్పి పెడుతూనే ఉంది, ఈయన వాడుతూనే ఉన్నాడు. రెండేళ్ళు!

మన భాషలో చెప్పాలంటే ఎవరో క్రాన్ జాబ్ పెట్టి, దాన్ని ఎప్పుడాపాలో రాయకుండా ప్రాజెక్టు మారిపోయారు. ప్రొడక్షన్ పడిపోయేదాకా ఎవరూ చూడరు.

ఇదేదో మా అన్నయ్య ఒక్కడి గొడవ అనుకునేవాణ్ణి. అమెరికాలో పది ఆసుపత్రుల్లో ఇలాంటి ఆపరేషన్లు చేయించుకున్నవాళ్ళని ఏడేళ్ళపాటు గమనించి 2017లో ప్రచురించిన లెక్కలు చూశాక నోరు మూతపడింది. ఆపరేషన్‌కి ముందు డాక్టరు రాసిచ్చిన ఈ తరహా మందులు వాడుతున్నవాళ్ళు 14.7 శాతం. ఆర్నెల్లకి 12.9కి దిగింది. భేష్ అనుకునేలోపే పెరగడం మొదలై, ఏడో ఏడాదికి 20.3 అయింది. బరువు తగ్గితే నొప్పీ తగ్గుతుంది, మందులూ తగ్గుతాయి అని కదా మనం అనుకునేది. అమెరికాలో మందులు రాసే తీరు వేరు, నిజమే. కానీ కుట్టిన పొట్ట ఎక్కడైనా ఒకటే, మూసుకుపోయిన దారులూ అవే.

"బలవంతంగా మత్తుకి అలవాటుపడ్డాడు" అని మా బంధువొకాయన తీర్పిచ్చేశాడు. నాకు ఒళ్ళు మండింది. మత్తుకోసం కాదండీ, ఉదయాన్నే మెట్లు దిగడంకోసం. 2018లో ట్రమడాల్‌ని మత్తుమందుల చట్టం కిందకి తెచ్చారు. మంచిదే. కానీ కట్టడంతా షాపు దగ్గరే ఉంటే ఎలా? రాసే చేతి దగ్గర కూడా ఉండాలిగా! ఫలానా తేదీకి తగ్గించడం మొదలుపెట్టండి, తగ్గకపోతే ఫలానా చోటికి రండి, ఫిజియోథెరపీ ఇది... ఈ మూడు ముక్కలు రాయడానికి ఎంతసేపు పడుతుంది? బరువు ఎంత తగ్గిందో కనుక్కోవడానికి నెలనెలా ఫోన్ చేసేవాళ్ళు బిళ్ళలెన్ని మింగుతున్నారో ఒక్కసారీ అడగలేదట.

అలాగని ఈ మందులంటేనే హడలిపొమ్మనడం లేదు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ దొరక్క అల్లాడేవాళ్ళు మన దేశంలో బోలెడుమంది. ఆ ఇబ్బంది తగ్గించడానికే 2014లో అదే చట్టాన్ని సవరించారు. ఇంకోమాట, ఇది చదివి ఎవరూ ఉన్నపళంగా మానేయకండి. అలా మానేస్తే ఏమవుతుందో రగ్గుకింద చూశాను. డాక్టరుని అడిగి మెల్లగా తగ్గించాలి.

అన్నయ్యకి ఇప్పుడో డాక్టరు వారంవారం తగ్గించేలా పట్టిక వేసిచ్చాడు. దాన్ని ఎక్సెల్‌లో పెట్టుకున్నాడు (మరి మనవాడేగా). పోయిన వారం ఫోన్ చేస్తే రోజుకి ఒకటికి వచ్చానన్నాడు. మోకాలు మాత్రం ఇంకా నొప్పేనట.