ఇంటి ఋణమునకు ముందు

రామంతాపురమున ఇల్లు కొనదలచినవారు ఇంటికంటె ముందు తమ ఋణచరిత్రను చూచుకొనవలెనని మా మనవి. మా యెఱుకనున్న గృహిణి యొకతె మఱదికి హామీ సంతకము చేసి మఱచినది. మఱది యడిగిన కాదనుట కష్టమే గదా! అతడు వాయిదాలు తప్పగా ఆ మచ్చ ఈమె పేరను గూడ నెక్కినది. భర్తతో కలసి గృహఋణమునకు పోవువఱకు ఆమె యెఱుగదు.

సిబిల్ మొదలగు నాలుగు ఋణసమాచార సంస్థలును ఏడాదికొక పూర్తి నివేదికను ఉచితముగా నీయవలెనని 2017 నుండి రిజర్వు బ్యాంకు నియమము. అందు తప్పున్నచో ఫిర్యాదు చేయవచ్చును. పరిష్కారము 30 దినములు దాటినచో 2024 నుండి దినమునకు 100 రూపాయలు పరిహారము. నిజమైన బాకీయైనచో పూర్తిగా తీర్చివేయుడు. కొంత తగ్గించుకొని రాజీపడినచో 'సెటిల్డ్' అను వ్రాత మిగులును. దానిని బ్యాంకులు మెచ్చవు. తీర్చిన పిదప బాకీ లేదను పత్రము అడిగి పుచ్చుకొనుడు.